ఐదక్క నంబరు

ఇరవై రెండేళ్లుగా ఆమె మనుషుల్ని నోటి లోపలి నుంచి చూస్తూ వచ్చింది.

కట్టుడు పళ్లు చేసే ల్యాబ్‌లో పని. నగరంలోని పళ్ల డాక్టర్లు పంపే అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక విప్పితే అరచేతిలో ఒక దవడ తెల్లగా పడుకుని ఉంటుంది. దాని మీద మైనంతో చిగుళ్లు తీర్చి, ఊడిన చోట పళ్లు నిలబెట్టాలి. ఆ పళ్లతో ఎవరు నవ్వుతారో, ఎవరు ఎవరి మీద పళ్లు నూరుతారో ఆమెకి తెలీదు. ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు మనిషి ముఖం చూడరు. అచ్చుతో పాటు ఒక చీటీ వస్తుంది. అందులో పేరు, వయసు, పళ్ల రంగు ఉంటాయి. అంతే.

రోజంతా ముఖాల్లేని నోళ్లతో గడిపి సాయంత్రం బస్సెక్కితే ఆమె కళ్లు తిన్నగా ఎదుటివాళ్ల పెదాల మీదికే పోయేవి. ఆమె ఉండేది అక్కా బావల ఇంట్లో, వీధి వైపు గదిలో. సంబంధాలు వచ్చినన్నాళ్లు వచ్చి, ఒక వాన వెలిసినట్టుగా ఆగిపోయాయి. అప్పటికి ఆ గది ఆమెది అయిపోయింది. బావకి ఆమెను ఆటపట్టించనిదే అన్నం సయించదు. నేను వీధిలో ఎదురొస్తే మీ చెల్లెలు గుర్తుపట్టదు, ఆవులిస్తే మాత్రం గుర్తుపడుతుంది అని అక్కతో అనేవాడు. మీకు కింద ఎడమ వైపు పన్ను పుచ్చింది, కాస్త నవ్వడం తగ్గించండి బావా అని ఆమె జవాబిచ్చేది. ఇల్లు అలా నడుస్తుండేది.

లైబ్రరీ తలుపుకి అంటించిన కాగితాన్ని మొదట చూసింది అక్కే. "సాయంత్రం తిన్నగా ఇంటికి వెళ్లబుద్ధి కానివాళ్లు బుధవారం ఆరింటికి లైబ్రరీ మెట్ల దగ్గరికి రండి. కలిసి ఊరు చూద్దాం" అని అందులో ఉంది. పుట్టిన దగ్గర్నుంచీ ఉన్న ఊరిని కొత్తగా చూసేదేముంది అని ఆమె గొణిగింది. నువ్వు చూసింది ల్యాబూ, బస్సూ, ఈ గదీ అని అక్క చీర మడత పెడుతూనే అంది. ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. బుధవారం వచ్చేసరికి ఆమె మెట్ల దగ్గర నిలబడి ఉంది.

ఆ కాగితం అంటించింది ఒక డ్రిల్లు మాస్టారు. బడి నుంచి రిటైరయ్యాడు గాని మెడలోంచి ఈల రిటైరవలేదు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. పేర్లు ఇంట్లో పెట్టి రావాలి. ఉద్యోగాలు, ఇంటి గొడవలు కూడా అక్కడే. వాటి నుంచి రెండు గంటలు తప్పించుకోడానికేగా వచ్చాం అనేవాడు. వచ్చిన వరసలో నంబర్లు ఇచ్చాడు. ఆయన ఒకటి. ఆమె ఆరు. బయల్దేరే ముందోసారి, ఏ చోటు నుంచి కదిలినా ఓసారి ఈల ఊదేవాడు. అందరూ వరసగా తమ నంబరు పలకాలి. తొమ్మిదితో ముగిస్తే ఆయన ముఖంలో, పిల్లలందరూ బస్సెక్కిన విహారయాత్రలోని వెలుగు కనిపించేది.

చేతిలో ఫోన్లు లేని కాలం అది. వచ్చే వారం ఎక్కడికో ఈ వారం విడిపోయేటప్పుడు చెప్పుకునేవాళ్లు. ఒక బుధవారం మంచు గచ్చున్న హాల్లో జారుతూ ఆడేవాళ్లని అద్దం బయట నుంచి చూశారు. ఒక బుధవారం ఏటి మీద పడవ. ఇంకోసారి ఎవరికీ పనిలేని ఒక బస్సెక్కి చివరి స్టాపుదాకా వెళ్లి, అక్కడి పేరు తెలియని పార్కులో కూర్చుని, అదే బస్సులో తిరిగొచ్చారు. నగరం ఆమెకి అప్పుడప్పుడే పరిచయమవుతున్నట్టుండేది. వీధి దీపాలు వెలిగే ఆ ఒక్క క్షణం ఉందే, ఆకాశం ఇంకా ఆరకముందే నేల వెలగడం మొదలుపెట్టే క్షణం, దాన్ని నలభై ఒక్కేళ్ల వయసులో మొదటిసారి చూసింది.

చూపించింది ఐదో నంబరు.

ఐదు ఆమెకంటే పదేళ్లు పెద్దది. గొంతు బొంగురు, నడక తాపీ, నవ్వు మాత్రం నోరంతా. పైవరసలో ముందు పళ్లు రెండిటి మధ్య అగ్గిపుల్ల దూరేంత సందు. కింది వరసలో ఒక పన్ను పక్కదాని మీదికి ఒరిగి ఉండేది, బస్సులో పక్కవాళ్ల భుజం మీద నిద్రపోయిన మనిషిలా. నోళ్లు చూడటమే బతుకైన ఆమెకి అంత నిండుగా తెరిచి నవ్వే నోరు అంతకు ముందు తగల్లేదు. మూడో వారానికే ఐదక్కా అని పిలవడం మొదలుపెట్టింది. నంబర్లకి వరసలేంటమ్మా అని మాస్టారు నొసలు ముడిచాడు. వరస లేని నంబరుంటుందా మాస్టారూ అంది ఐదక్క. గుంపంతా నవ్వింది. మాస్టారు కూడా ఈల చాటున నవ్వాడు.

ఐదక్కకి ఒక పాడు అలవాటు. వెనకబడిపోయేది. ఏ కిటికీ దగ్గరో, ఏ పిల్లి దగ్గరో ఆగిపోయేది. ఈల మోగే వేళకి ఆమె దగ్గరికి వంగి, నా నంబరు నువ్వు చెప్పెయ్యవే, వెనకాల బస్సులో వచ్చేస్తా అని గొణిగేది. నాలుగు పలకగానే ఆమె గొంతు బొంగురు చేసి "ఐదు" అనేది, వెంటనే తన గొంతుతో "ఆరు" అనేది. మాస్టారికి తెలిసేది కాదు. పావుగంటకి ఐదక్క తర్వాతి చోట ప్రత్యక్షమై, దొంగచాటుగా చూసి నవ్వేది. ఏడెనిమిది సార్లు జరిగిందిలా. చిన్నప్పుడు ఆడని దొంగాటలు ఇప్పుడు ఆడుతున్నట్టు ఆమెకి ఒళ్లు పులకరించేది.

ఆ బుధవారం పాత గడియారం టవరెక్కారు. లోపల మెలికలు తిరిగే రాతి మెట్లు, రెండు వందల పైచిలుకు. మెట్ల మధ్య బావిలాంటి ఖాళీ. కింద ఎవరైనా దగ్గితే పైదాకా వినిపించేది. పైన గాలి, ముదురుతున్న సాయంత్రం, కాళ్ల కింద ఊరంతా. కాసేపటికి అందరూ దిగడం మొదలుపెట్టారు. ఐదక్క పిట్టగోడ దగ్గరే ఉంది. ఆమె చెయ్యి పట్టి లాగితే, ఒక్క నిమిషమే, ఆ దీపాలు వెలిగేదాకా అంది. నంబరు చెప్పమని మాత్రం అనలేదు. ఆ సంగతి తర్వాత ఆమెకి ఎన్నో వందల సార్లు గుర్తొచ్చింది.

కిందికి వచ్చేసరికి తుంపర మొదలైంది. ఎదురుగా స్టాపులో బస్సు ఆగి ఉంది. టవరు గుమ్మంలోనే నిలబడి మాస్టారు ఈల ఊదాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒక ఊపిరి తీసేంత నిశ్శబ్దం. బస్సు కదిలిపోతుందేమోనని అందరి కాళ్లూ అటే ఉన్నాయి. ఆమె నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది.

"ఐదు" అంది బొంగురుగా. తర్వాత, "ఆరు."

తొమ్మిది దాకా పలికారు. పరుగెత్తి బస్సెక్కారు. టీ తాగే చోట ఆమె తలుపు వైపే కూర్చుంది. ఐదక్క రాలేదు. వాన కదా, ఇంటికి పోయుంటుంది అనుకుంది.

తర్వాతి బుధవారం లైబ్రరీ మెట్ల దగ్గర నాలుగు తర్వాత ఎవరూ పలకలేదు. ఈసారి ఆమె కూడా పలకలేదు. మాస్టారు చుట్టూ చూసి, ఒంట్లో బాలేదేమో, పోయిన వారం వానలో తడిసిందిగా అన్నాడు. తడిసిందా అని ఎవరో అడిగారు. తడవదా మరి, టవరు దగ్గర మనతోనే ఉందిగా, లెక్క సరిపోయిందిగా అన్నాడాయన. ఎప్పుడూ గొడుగు వదలని నాలుగో నంబరు ఆయన, నిజమే, ఆవిడ గొంతు నా వెనకే వినిపించింది అన్నాడు. ఆమె చెప్పులకేసి చూస్తూ ఉండిపోయింది.

రెండో వారం కూడా రాకపోయేసరికి, ఇంటికెళ్లి చూసొద్దాం అన్నారెవరో. అప్పుడు తెలిసింది. ఇల్లెక్కడో ఎవరికీ తెలీదు. ఏ బస్సెక్కేదో తెలీదు. ఆవిడ పేరు ఎవరికీ తెలీదు. మీకు తెలుసేమో అనుకున్నా అని ఒకరితో ఒకరు అనుకుంటూ ఎనిమిది మందీ ఆ మెట్ల మీద దిమ్మెరపోయి నిలబడ్డారు. మూడేళ్లు. నూట యాభై బుధవారాలు. ఒకరి చేతిలో టీ ఒకరు తాగారు, ఒకరి గొడుగులో ఒకరు నడిచారు. చివరికి ఒక మనిషి తప్పిపోతే ఏమని పిలవాలో కూడా ఎవరికీ తెలీదు.

ఆమె మర్నాడు ల్యాబ్‌కి సెలవు పెట్టి టవరుకెళ్లింది. టిక్కెట్లిచ్చే అతను కొత్తవాడు. రోజూ వందల మంది ఎక్కుతారమ్మా, దిగుతారు, నేనెవర్నని చెప్పను అన్నాడు. ఇంట్లో మాట్లాడటం తగ్గిపోయింది. పన్ను సంగతి బావ గుర్తుచేసినా ఆమె నవ్వలేదు. బావ ఆ పూట అన్నం సగంలో ఆపి అక్కకేసి చూశాడు.

మూడో బుధవారం మాస్టారు, ఇష్టం లేని పని చేసేవాడిలా గొంతు సవరించుకున్నాడు. మధ్యలో ఖాళీ పెట్టుకుని లెక్క పెట్టలేకపోతున్నానని చెప్పాడు. వచ్చే వారం నుంచి వెనకవాళ్లు ఒక్కో నంబరు ముందుకి జరగండి అన్నాడు. "ఆరూ, నువ్వు ఐదు."

నిజం చెప్పడానికి అదే సమయం అని ఆమెకి తెలుసు. చెప్తే ఈ ఏడుగురూ ఇంక తన ముఖం చూడరని కూడా తెలుసు. అలాగే మాస్టారూ అంది.

శుక్రవారం మధ్యాహ్నం ఒక క్లినిక్ నుంచి అచ్చులు వచ్చాయి. ఆమె ఎప్పట్లాగే ప్లాస్టర్ కలిపి, బుడగలు పోయేదాకా తట్టి, పోసింది. గట్టిపడ్డాక కింది దవడ విప్పింది. అంచులు చెక్కుతుండగా చెయ్యి ఆగిపోయింది.

ఒక పన్ను పక్కదాని భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది.

ఆమె కిటికీ వెలుతురులోకి తెచ్చి చూసింది. తిప్పి చూసింది. ల్యాబ్‌లో మోటారు ఎక్కడో చాలా దూరంలో తిరుగుతున్నట్టు వినిపించింది. వేలి కొన ఆ ఒరిగిన పన్ను మీద పెట్టి, వెంటనే తీసేసింది, లేపేస్తానేమో అన్నట్టు. తర్వాత పై దవడ విప్పింది. ముందు మూడు పళ్లు లేవు. ఆ చోట ప్లాస్టర్ నున్నగా, ఏమీ ఎరగనట్టు ఉంది.

చీటీ మీద ఒక పేరుంది. మూడుసార్లు చదివింది. నోట్లోనే పలికి చూసుకుంది. ఆ పేరుకీ తనకి తెలిసిన బొంగురు నవ్వుకీ ముడి పడలేదు, ఎవరి చొక్కానో ఇంకెవరో తొడుక్కున్నట్టుంది. వయసు యాభై నాలుగు. కింద డాక్టరు రాసిన రెండు ముక్కలు: మెట్ల మీద పడి ముందు పళ్లు మూడు విరిగాయి, గాయం మానింది. పక్కన పడిన రోజు తేదీ. ఆమె గోడ మీద క్యాలెండరు వైపు చూడలేదు. చూడక్కర్లేదు.

స్టూలు మీద కూర్చుండిపోయింది. ఎదురుగా బల్ల నిండా ఎవరెవరివో నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఇరవై రెండేళ్లలో మొదటిసారి అవి తననే చూస్తున్నట్టు అనిపించింది.

ల్యాబ్ యజమాని వచ్చి, మూడే పళ్లు కదా, తేలిక పని, కొత్తమ్మాయికి ఇచ్చెయ్ అన్నాడు. నేనే చేస్తానంది. చీటీలో రాసిన రంగు తెలుపు. అది తప్పు. ఐదక్క పళ్లు పాత ఉత్తరం కాగితం రంగు. ఇంకో సంగతి ఏ చీటీలోనూ లేదు. విరిగిపోయిన పళ్ల మధ్య సందు ఉండేదని డాక్టరుకి తెలీదు. అచ్చుకి తెలీదు. ఈ గదిలో ఆమెకి ఒక్కదానికే తెలుసు.

ఆ రెండు రోజులూ ఆమె వేరే పని ముట్టుకోలేదు. మైనంలో పళ్లు నిలబెట్టి, కళ్లు మూసుకుని ఆ నవ్వుని తలుచుకుని, మళ్లీ కరిగించి, మళ్లీ నిలబెట్టింది. సోమవారం సాయంత్రానికి రెండు పళ్ల మధ్య అగ్గిపుల్ల దూరింది. యజమాని చూసి బిత్తరపోయాడు. సందు వదిలావేంటి, పని రాని వాళ్లలా, డాక్టరు తిరగ్గొడతాడన్నాడు. తిరగ్గొడితే నా చేతికే ఇవ్వండి, రేపు క్లినిక్‌లో నోట్లో పెట్టి సరిచూస్తారు కదా, నేనే పట్టుకెళ్తా అంది. ఆ మాటకి ఆయన ఇంకా బిత్తరపోయాడు.

క్లినిక్‌లో కుర్చీ తలుపుకి వీపు చేసి ఉంది. ఐదక్క జుట్టు కొంచెం తెల్లబడింది. మూడు వారాల్లో అంత తెల్లబడుతుందా అనుకుంది. ఆమె డబ్బా డాక్టరుకిచ్చి గుమ్మంలోనే నిలబడింది. డాక్టరు సరిచూడ్డానికి మైనంలో నిలబెట్టిన పళ్లు అమర్చి, వెనక్కి జరిగి, చిన్నగా నొచ్చుకున్నాడు. ల్యాబ్‌లో పొరపాటు చేశారమ్మా, మధ్యలో సందొచ్చింది, సరిచేయిస్తాను అంటూ అద్దం చేతికిచ్చాడు.

ఐదక్క అద్దంలో చూసుకుంది. నాలుకతో ఆ సందుని వెతికి తాకింది.

"ఇది ఎవరు చేశారు?" అంది.

డాక్టరు గుమ్మం వైపు చూపించాడు. ఐదక్క తల తిప్పలేదు, అద్దం తిప్పింది. అద్దంలో ఇద్దరి కళ్లూ కలిశాయి.

"నువ్వా" అంది. "నీ పని ఇదా."

పక్క గదిలో ఎవరో పిలిస్తే డాక్టరు వెళ్లాడు. ఆమె దగ్గరికి వచ్చింది. చెప్పాల్సిన మాటలు దారంతా కూర్చుకుంటూనే వచ్చింది గాని ఒక్కటీ మిగల్లేదు. ఆ రోజు నీ నంబరు నేనే చెప్పానక్కా అని మాత్రం అనగలిగింది.

"తెలుసు. విన్నాను."

ఆమెకి అర్థం కాలేదు.

"దీపాలు వెలిగాక దిగుతున్నా. తడి కాలు, జారింది. ముఖం రాతికి కొట్టుకుంది." ఐదక్క కొత్త పళ్లతో ఆగి ఆగి మాట్లాడుతోంది. "నోరంతా రక్తం, అరుద్దామంటే రాదు. ఇంతలో కింద మాస్టారి ఈల వినబడింది. ప్రాణం లేచొచ్చిందనుకో. లెక్క పెడతారు, నేను లేనని తెలుస్తుంది, ఎవరో ఒకరు పైకొస్తారు అనుకున్నా. ఒకటి వినబడింది. రెండు, మూడు, నాలుగు..."

అద్దం ఒళ్లో పెట్టుకుంది.

"తర్వాత నా గొంతు వినబడిందే. నేనేమో మెట్ల మీద పడున్నా. నా గొంతేమో కింద పలుకుతోంది. ఒక్క క్షణం, పోయానేమో అనుకున్నా. పోతే ఇలాగే ఉంటుంది కాబోలు, మనం లేకపోయినా లెక్క సరిపోతుంది కాబోలు అని."

ఆమె కుర్చీ చేతిని పట్టుకుంది. బస్సెక్కుతూ తను నవ్వుకుంది. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. ఇంకోసారి మాస్టార్ని బురిడీ కొట్టించానని నవ్వుకుంది.

పది నిమిషాల తర్వాత తాళం వెయ్యడానికి వచ్చిన కాపలా మనిషి చూసి ఆసుపత్రికి తీసుకెళ్లాడట. పళ్లు పోయాయి గాని మనిషిని మిగిలానుగా అంది ఐదక్క. ఆమె ఏడుస్తోంది. ఐదక్క వారించలేదు. కాసేపటికి, నీ ఒక్కదాని తప్పే కాదు, నేర్పింది నేను కదా అంది. మాస్టారికి చెప్పావా అని అడిగింది. ఆమె తల అడ్డంగా ఊపింది.

"రేపు బుధవారం. చెప్పు. నేనొచ్చి చెప్పను, నువ్వే చెప్పాలి."

"చెప్తానక్కా. నువ్వొస్తావా ఎప్పటికైనా?"

"బోసి నోటితో రాను. పళ్లు తయారవ్వాలి కదా. అది నీ చేతిలో ఉంది." తర్వాత ఏదో మర్చిపోయినదానిలా, "నా పేరు చీటీలో చూసే ఉంటావు. నీ పేరేంటే?" అని అడిగింది.

ఆమె చెప్పింది. ఐదక్క పలికి చూసింది. కొత్త పళ్లకి ఆ పేరు తట్టుకుని, మొదటిసారి సగమే వచ్చింది. రెండోసారి పూర్తిగా వచ్చింది.

డాక్టరు తిరిగొచ్చి, సందు పూడ్పించమంటారా అని అడిగాడు. "వద్దండీ. అది నాదే" అంది ఐదక్క.

బుధవారం లైబ్రరీ మెట్ల దగ్గర మాస్టారు ఈల నోట్లో పెట్టుకోబోతుంటే ఆమె ఆయన ముంజేతిని పట్టుకుని ఆపింది. అక్కడే నిలబడి మొత్తం చెప్పింది. టవరు, తుంపర, ఎనభయ్యో తొంభయ్యో మెట్టు మీద పడున్న మనిషికి వినబడిన గొంతు, అన్నీ. గొడుగాయన నీరసంగా, మరి నా వెనక నేను విన్నది అన్నాడు. నాదేనండీ అంది.

మాస్టారు మెట్టు మీద కూర్చున్నాడు. ఆయన్ని కూర్చోగా వాళ్లెప్పుడూ చూడలేదు. ముప్ఫయ్యేళ్లలో ఏ విహారయాత్రలోనూ ఒక్క పిల్లాణ్ణి పోగొట్టుకోలేదని అందరికీ చెప్పుకునేవాణ్ణి అన్నాడు, ఈలకేసి చూస్తూ. ముఖాలు చూడటం మానేశాను, చెవులతో లెక్కపెట్టాను అన్నాడు. ఒకరిద్దరు ఆమె నుంచి కాస్త ఎడంగా జరిగారు. గొడుగాయన జరగలేదు.

కాసేపటికి మాస్టారు లేచాడు. మెడలోంచి ఈల తీసి జేబులో వేసుకున్నాడు. "ఒకటి నేను" అని మొదలుపెట్టి, ఒక్కొక్కరి ముందూ ఆగి ముఖంలోకి చూశాడు. రెండు. మూడు. నాలుగు, అన్నాడు గొడుగాయన.

తర్వాత ఖాళీ. మాస్టారు ఆ ఖాళీ ముందు కూడా ఆగాడు. ఎవర్నీ ముందుకి జరగమనలేదు. ఎదుటి స్టాపులోకి బస్సొచ్చింది, తలుపులు తెరిచి, కాసేపు చూసి, మూసుకుని వెళ్లిపోయింది. ఎవరూ ఎక్కలేదు. పైన ఆకాశం ఇంకా ఆరలేదు. వీధి పొడుగునా దీపాలు ఒకటొకటిగా వెలగడం మొదలైంది. ఆమె వాటిని చూస్తూ నిలబడింది, నోరు గట్టిగా మూసుకుని.